మోటార్‌హోమ్‌లో డెవిల్స్ టవర్‌కి: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు రాగానే సౌత్ డకోటాలో మౌంట్ రష్‌మోర్ చూసుకుని, అటు నుంచి అటే యెల్లోస్టోన్‌కి ఆర్‌వీలో, అంటే వంటగది, మంచాలు ఉన్న మోటార్‌హోమ్‌లో వెళ్ళాలని ప్లాన్ వేసుకునే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ దారిలో, వయోమింగ్ రాష్ట్రం ఈశాన్య మూలన డెవిల్స్ టవర్ ఉంది. ఎక్కువమంది ఒక గంట ఆగి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. అలా చేయకండి, కనీసం ఒక రాత్రి ఆ రాతి కింద ఉండండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెలిసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను.

ఒక్క రాయి కోసం హైవే దిగి అంత దూరం వెళ్ళాలా?

వెళ్ళాలి. చుట్టూ గడ్డి మైదానాలు, పైన్ చెట్లున్న చిన్న గుట్టలు. వాటి మధ్యలోంచి ఒక్కటే రాతి స్తంభం నిట్టనిలువుగా లేచి ఉంటుంది. అడుగు నుంచి శిఖరం దాకా 867 అడుగులు. పక్కన పారే బెల్ ఫూర్ష్ నది నుంచి కొలిస్తే 1,267 అడుగులు. ఇరవై మైళ్ళ దూరం నుంచే కనిపిస్తుంది, మలుపు తిరిగితే మాయమవుతుంది, ఇంకో గుట్ట ఎక్కగానే ఇంకాస్త పెద్దదై ఎదురొస్తుంది. మోటార్‌హోమ్ ముందు అద్దం పెద్దది కాబట్టి ఈ చివరి అరగంట ప్రయాణం కూడా చూడాల్సిందే. పిల్లల్ని ఫోన్లు పక్కన పెట్టమనండి.

అమెరికాలో మొట్టమొదటి నేషనల్ మాన్యుమెంట్ (అధ్యక్షుడి ప్రకటనతో రక్షణ పొందిన చోటు) ఇదే. 1906 సెప్టెంబర్ 24న అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రకటించారు. తొలి నేషనల్ పార్క్ యెల్లోస్టోన్ కూడా ఎక్కువ భాగం వయోమింగ్‌లోనే ఉంది. రెండూ ఒకే ట్రిప్‌లో కలిసొస్తాయి.

అది ఆరిపోయిన అగ్నిపర్వతమా?

అందరూ మొదట అడిగేది ఇదే. పుట్టింది శిలాద్రవం నుంచే, అందులో సందేహం లేదు. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలోంచి శిలాద్రవం పైకి తన్నుకొచ్చి, అప్పటికే అక్కడ పొరలు పొరలుగా ఉన్న ఇసుకరాయి, మట్టిరాళ్ళ మధ్యకి చొచ్చుకుపోయింది. అది భూమి లోపలే గడ్డకట్టిందా, లేక ఒకప్పటి అగ్నిపర్వతం గొంతులో బిగుసుకుపోయిన ముద్దా అన్నదానిపై శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. చల్లారాక ఏం జరిగిందో మాత్రం స్పష్టంగా తెలుసు.

వేడి రాయి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. లాగుడు తట్టుకోలేక పగుళ్ళిస్తుంది. ఎండాకాలంలో నీళ్ళింకిన చెరువు అడుగు పలకలు పలకలుగా బీటలు వారుతుంది కదా, అలాగే. కాకపోతే ఇక్కడ ఆ బీటలు పైపైన ఆగిపోకుండా వందల అడుగులు లోపలికి సాగాయి. అందుకే ఆ నిలువు గీతలు. ఒక్కొక్కటీ ఒక రాతి స్తంభం. ఎక్కువ వాటికి ఐదారు ముఖాలుంటాయి, అక్కడక్కడా నాలుగు, ఏడు కూడా కనిపిస్తాయి. అడుగున ఒక్క స్తంభం ముందు నిలబడి రెండు చేతులూ చాపినా దాని వెడల్పు అందదు.

ఆ తర్వాత పనంతా నీళ్ళది. చుట్టూ ఉన్న మెత్తని రాతి పొరల్ని వాన, నది కోట్ల ఏళ్ళుగా కోసుకుపోయాయి. గట్టి రాయి మిగిలింది. అంటే టవర్ పైకి లేవలేదు, చుట్టుపక్కల నేల కిందికి దిగింది. పిల్లలకి ఈ ఒక్క మాట ముందే చెప్పండి, అక్కడికెళ్ళాక వాళ్ళు ప్రతిదీ వేరేగా చూస్తారు. నది ఒడ్డున కనిపించే ఎర్రమట్టి గట్లు అలా కోతకు గురవుతున్న పాత పొరలే. ఆ కోత ఇప్పటికీ ఆగలేదు.

ఇలాంటి స్తంభాలు మన దగ్గరా ఉన్నాయి. కర్ణాటకలో ఉడుపి దగ్గర మల్పే తీరం నుంచి పడవలో వెళ్ళే సెయింట్ మేరీస్ దీవుల్లో చూడొచ్చు. అక్కడివి పొట్టివి, సముద్రం ఒడ్డున మెట్లలా పరుచుకుని ఉంటాయి. రాయి రకం వేరు, వయసు వేరు, చల్లారి పగిలిన తీరు మాత్రం ఒకటే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ దీవులు చూసి ఉంటే వెంటనే పోల్చుకుంటారు.

దయ్యం పేరు ఎందుకు పెట్టారు?

స్థానిక ఆదివాసీ తెగలు పెట్టిన పేరు కాదు అది. వాళ్ళలో చాలామంది దీన్ని ఎలుగుబంటి ఇల్లు, ఎలుగుబంటి నివాసం అనే అర్థం వచ్చే పేర్లతో పిలుస్తారు. 1875లో కర్నల్ రిచర్డ్ డాడ్జ్ రక్షణలో వచ్చిన సర్వే బృందం వాడిన పేరు మ్యాపుల్లోకి ఎక్కి స్థిరపడిపోయింది. పేరు మార్చాలని తెగలు చాలాకాలంగా కోరుతున్నాయి. ఆ కోరిక న్యాయమైనదని నా అభిప్రాయం. అక్కడ రేంజర్లతో (పార్క్ సిబ్బందితో) మాట్లాడేటప్పుడు బేర్ లాడ్జ్ అన్నా వాళ్ళకి అర్థమవుతుంది.

ఎంత టైమ్ పెట్టుకోవాలి?

మధ్యాహ్నం చేరి, రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే బయల్దేరేలా చూసుకోండి. రాయి రంగు వెలుతురును బట్టి మారిపోతుంది. మిట్టమధ్యాహ్నం బూడిద రంగులో చదునుగా కనిపించే గోడ, సాయంత్రం ఎండ పక్క నుంచి పడేసరికి ప్రతి స్తంభానికీ నీడ వచ్చి ఒక్కొక్కటీ విడిగా తేలుతుంది. సూర్యాస్తమయానికి జాయ్‌నర్ రిడ్జ్ వైపు వెళ్ళండి. ఒకటిన్నర మైళ్ళ ట్రయల్, జనం తక్కువ. పొద్దున క్యాంప్‌గ్రౌండ్ నుంచి చూడటమే బాగుంటుంది, తొలి ఎండ అటువైపు ముఖం మీదే పడుతుంది.

దారి ఎలా? పెద్ద బండికి ఇబ్బంది ఉంటుందా?

మౌంట్ రష్‌మోర్ దగ్గరి ర్యాపిడ్ సిటీ నుంచి దాదాపు 110 మైళ్ళు. ఐ-90 మీద పడమటికి వచ్చి సన్‌డ్యాన్స్ దగ్గర దిగి, యూఎస్ 14 మీదుగా వయోమింగ్ 24 పట్టుకోవాలి. యెల్లోస్టోన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు మూర్‌క్రాఫ్ట్ దగ్గర దిగుతారు. ఈ రోడ్లు రెండు లేన్లవే అయినా మోటార్‌హోమ్‌కి ఏ టెన్షనూ ఉండదు. సాయంత్రం చీకటి పడే వేళ మాత్రం జింకలు రోడ్డు మీదికి వస్తాయి. పెద్ద బండికి బ్రేక్ వేస్తే వెంటనే ఆగదు కాబట్టి వెలుతురు ఉండగానే చేరండి. బండికి గ్యాస్ (పెట్రోల్) సన్‌డ్యాన్స్‌లోనో మూర్‌క్రాఫ్ట్‌లోనో నింపుకోండి. ఫోన్ సిగ్నల్ నమ్ముకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది దీనికి ముందు, మౌంట్ రష్‌మోర్ దగ్గర. అక్కడి నీడిల్స్ హైవే, ఐరన్ మౌంటెన్ రోడ్ రెండింటి మీదా రాతిని తొలిచిన సన్నటి సొరంగాలున్నాయి. నీడిల్స్ ఐ అనే సొరంగం వెడల్పు 8 అడుగులకు అటూఇటూ. అద్దె మోటార్‌హోమ్ అందులో పట్టదు. కారు జీపీఎస్ ఈ సంగతి చెప్పదు, అందమైన దారి అని అటే తీసుకెళ్తుంది. బండి ఎత్తు, వెడల్పు, పొడవు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అతికించుకోండి.

మోటార్‌హోమ్ నడపడానికి ప్రత్యేక లైసెన్స్ కావాలా?

అద్దెకిచ్చే 25, 30 అడుగుల క్లాస్ సీ బండ్లకు (వ్యాన్ ముందు భాగానికి వెనక ఇల్లు బిగించినట్టుండేవి) మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చాలు. నడిపేవాళ్ళకు 25 ఏళ్ళు నిండాలని చాలా కంపెనీలు అడుగుతాయి. బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు పెట్టుకుని సీట్లో ఉండాలి. నడుం నొప్పి ఉందని పెద్దవాళ్ళు వెనక మంచం మీద పడుకోవడం, పిల్లలు ఫ్రిజ్ దగ్గర నిలబడటం వద్దు. రెండు గంటలకోసారి ఆపి అందరినీ దింపితే సరిపోతుంది.

విజిటర్ సెంటర్ దగ్గర పార్కింగ్ దొరుకుతుందా?

పెద్ద బండ్లకు చోటు తక్కువ. గేటు నుంచి విజిటర్ సెంటర్ దాకా మూడు మైళ్ళ మెలికల రోడ్డు. సీజన్‌లో మధ్యాహ్నం పూట పైన పార్కింగ్ నిండిపోయి, కార్లు చుట్టూ తిరుగుతూ ఉంటాయి. 30 అడుగుల బండితో ఆ గుంపులో ఇరుక్కుంటే వెనక్కి తీయడం నరకం. పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళండి, లేదా సాయంత్రం.

దీనికన్నా మంచి ఉపాయం ఇంకొకటుంది. బండి క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టేసి నడిచి వెళ్ళండి. సౌత్ సైడ్ ట్రయల్ అక్కడి నుంచే మొదలై ప్రేరీ డాగ్‌లనే ఉడుత జాతి జంతువుల మైదానం పక్కగా వెళ్ళి రెడ్ బెడ్స్ ట్రయల్‌లో కలుస్తుంది. ఎక్కుడు ఉంటుంది, కానీ ఎర్రమట్టి గట్ల మధ్య నుంచి టవర్ కొంచెం కొంచెంగా దగ్గరవడం ఈ దారిలోనే బాగా తెలుస్తుంది. రెడ్ బెడ్స్ చుట్టు మొత్తం 2.8 మైళ్ళు.

రాత్రి ఎక్కడ ఉండాలి?

రెండు దారులున్నాయి. పార్క్ లోపల, నది వంపులో కాటన్‌వుడ్ చెట్ల కింద బెల్ ఫూర్ష్ రివర్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. 35 అడుగుల దాకా ఉన్న బండ్లు పడతాయి. కరెంట్ కనెక్షన్, సీవర్ కనెక్షన్, షవర్లు ఉండవు. మంచినీళ్ళు, మరుగుదొడ్లు ఉంటాయి. ముందుగా వచ్చినవాళ్ళదే చోటు, కాబట్టి మధ్యాహ్నంలోపు చేరాలి. చలికాలం మూసేస్తారు. తెరిచే తేదీలు పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

గేటు బయట ప్రైవేట్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అక్కడ కరెంట్, నీళ్ళు, స్నానాల సదుపాయం అన్నీ ఉంటాయి, టవర్ అక్కడి నుంచీ కనిపిస్తుంది. ఏసీ లేకపోతే నిద్ర పట్టని పెద్దవాళ్ళు, నెలల పాప ఉంటే ఇదే తీసుకోండి.

మిగతావాళ్ళకు నా ఓటు పార్క్ లోపలికే. వేసవిలో కూడా రాత్రిళ్ళు చల్లబడతాయి, కిటికీలు తీస్తే ఏసీ అక్కర్లేదు. జనరేటర్ వేసుకునే వేళలు బోర్డు మీద రాసి ఉంటాయి, వాటిని తప్పకుండా పాటించండి.

హుకప్‌లు (కరెంట్, సీవర్ కనెక్షన్లు) లేకుండా ఆరుగురికి వంట, నీళ్ళు సరిపోతాయా?

ఒక రాత్రికి తేలిగ్గా సరిపోతాయి, ముందు రోజు సిద్ధపడితే. క్యాంప్‌గ్రౌండ్‌కి వచ్చే ముందే మంచినీళ్ళ ట్యాంకు నింపి, మురుగు ట్యాంకులు రెండూ ఖాళీ చేసుకుని రండి. స్టవ్ ప్రొపేన్ మీద నడుస్తుంది కాబట్టి కుక్కర్, ఇడ్లీ అన్నీ అవుతాయి. మైక్రోవేవ్, మిక్సీ మాత్రం జనరేటర్ వేస్తేనే. అందుకని పచ్చళ్ళు, పొడులు, ఇంట్లో రుబ్బి తెచ్చుకున్న పిండి ఉంటే ఆ పూట హాయిగా గడుస్తుంది. పులిహోర పొద్దున్నే కలిపేసుకుంటే సాయంత్రం స్టవ్ వెలిగించే పనే ఉండదు.

మనవాళ్ళకి ముందు నిండేది సింకు నీళ్ళు పోయే గ్రే ట్యాంకు. బియ్యం రెండుసార్లు కడగడం, గిన్నెలు కుళాయి కింద తోమడం మనకు అలవాటు. గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, తర్వాత కొద్ది నీళ్ళతో కడగండి. కడుగు నీళ్ళు చెట్టు మొదట్లో పోయడం ఇక్కడ నిషేధం. వాసనకు జంతువులు వస్తాయి.

ఖాళీ చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. గొట్టం రెండు చివరలూ బిగిశాయో లేదో చేత్తో కదిపి చూడండి. ముందు టాయిలెట్ ట్యాంకు వాల్వ్ లాగి, అది పూర్తిగా పోయాక గ్రే వాల్వ్ తీయండి. సబ్బు నీళ్ళు వెనకాలే వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ వరస తిరగేస్తే గొట్టం మురికిగానే మిగిలిపోతుంది.

అమ్మానాన్నలు నడవగలరా?

టవర్ చుట్టూ తిరిగే టవర్ ట్రయల్ 1.3 మైళ్ళు, మొత్తం తారు దారి. మొదట్లో కొంచెం నిటారుగా ఎక్కాలి, తర్వాత సర్దుకుంటుంది. దారి పొడవునా పాండరోసా పైన్‌ల నీడ, కూర్చోడానికి బల్లలు ఉన్నాయి. మామూలుగా రోజూ వాకింగ్ చేసేవాళ్ళకు గంట చాలు. ఆ చోటు సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది, మెల్లగా నడిస్తే ఆయాసం రాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఆ తొలి ఎక్కుడు దగ్గర ఇబ్బంది పడతారు. వాళ్ళకి విజిటర్ సెంటర్ ముందు నుంచే టవర్ నిండుగా కనిపిస్తుంది, అక్కడ కూర్చోబెట్టండి.

దారి పక్కనే కూలిపడ్డ స్తంభాల ముక్కలు గుట్టలుగా ఉంటాయి, కొన్ని చిన్న కారంత. ఒకదాని దగ్గర ఆగి ముఖం దగ్గరగా పెట్టి చూడండి. బూడిద రంగు రాయిలో తెల్లటి గింజలు పొదిగినట్టు మెరుస్తాయి. అవి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం స్ఫటికాలు, రాయి మొత్తం గడ్డకట్టకముందే పేరుకున్నవి. దూరం నుంచి ఆకుపచ్చగా, పసుపుగా కనిపించే మచ్చలు రాతి రంగు కాదు, దాన్ని పట్టుకుని బతికే, నాచులాంటి లైకెన్లు. చిన్న ముక్క కూడా జేబులో వేసుకోవద్దు, చట్టం ఒప్పుకోదు.

పైకి ఎక్కొచ్చా?

తాళ్ళు, పరికరాలు, అనుభవం ఉన్న క్లైంబర్లు ముందుగా రిజిస్టర్ చేసుకుని ఎక్కుతారు. మామూలు సందర్శకులకు రాళ్ళ గుట్టల దాకానే అనుమతి, అది దాటితే రిజిస్ట్రేషన్ లేకుండా వెళ్ళకూడదు.

ఎక్కినవాళ్ళ కథలు మాత్రం వినాల్సినవి. 1893 జులై 4న విలియం రోజర్స్, విల్లార్డ్ రిప్లీ అనే ఇద్దరు స్థానికులు రెండు స్తంభాల మధ్య పగులులో చెక్క మేకులు దిగ్గొట్టి నిచ్చెన కట్టి, జనం చూస్తుండగా శిఖరం చేరారు. రెండేళ్ళకు రోజర్స్ భార్య లిన్నీ అదే నిచ్చెన మీద ఎక్కి, శిఖరం చేరిన మొదటి మహిళ అయ్యారు. ఆ నిచ్చెన ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. టవర్ ట్రయల్‌లో దానివైపు గురిపెట్టిన గొట్టం ఉంది, అందులోంచి చూస్తే సన్నటి పుల్లల వరస కనిపిస్తుంది. అంత ఎత్తున లాంగ్ స్కర్ట్‌ల కాలంలో ఒక స్త్రీ ఆ పుల్లల మీద అడుగులు వేసిందని మీ అమ్మాయిలకు చూపించండి.

1941 అక్టోబర్‌లో జార్జ్ హాప్‌కిన్స్ అనే అతను విమానం నుంచి ప్యారాచూట్‌తో శిఖరం మీద దిగాడు. దిగడానికి పనికొచ్చే తాడు అందక ఆరు రోజులు అక్కడే ఉండిపోయాడు. తిండి, దుప్పట్లు విమానంలోంచి జారవిడిచారు. చివరికి అనుభవజ్ఞుడైన క్లైంబర్ జాక్ డ్యూరెన్స్ బృందం ఎక్కి క్షేమంగా దించింది. శిఖరం మీద ఎకరంన్నర చదును ఉంది, గడ్డి, సేజ్ పొదలు పెరుగుతాయి.

చెట్లకు కట్టిన రంగు గుడ్డలు ఏమిటి?

అవి ప్రార్థనలు. లకోటా, షయాన్, క్రో, కయోవా, అరాపహో, షొషోనీ వంటి ఇరవైకి పైగా తెగలకు ఈ చోటు పవిత్రం. ట్రయల్ పక్కన కొమ్మలకు కట్టిన గుడ్డలు, చిన్న మూటలు వాళ్ళు మొక్కి కట్టినవి. ముట్టుకోవద్దు, విప్పొద్దు, దగ్గరగా ఫొటోలు తీయొద్దు. ఎవరైనా ప్రార్థనలో ఉంటే గొంతు తగ్గించి పక్క నుంచి వెళ్ళిపోండి. జూన్‌లో వాళ్ళ క్రతువులు జరుగుతాయి. ఆ నెలంతా టవర్ ఎక్కొద్దని 1995 నుంచి పార్క్ క్లైంబర్లను కోరుతోంది. నిషేధం కాదు, విన్నపం. చాలామంది మన్నిస్తున్నారు. చూడటానికి వచ్చేవాళ్ళకు ఆ నెలలో అడ్డేమీ లేదు.

పిక్నిక్ ప్రదేశం దగ్గర తెల్లని వలయంలాంటి శిల్పం ఒకటుంది. జపాన్ శిల్పి జున్‌క్యు ముతో చేసినది. ఈ వరసలో ఆయన శిల్పాలు ఒకటి వాటికన్‌లో, ఒకటి మన బుద్ధగయలో ఉన్నాయి. ఆ వలయం మధ్యలోంచి టవర్‌ను చూడండి.

పిల్లలకు విసుగు రాదా?

ప్రేరీ డాగ్‌లు చూసుకుంటాయి ఆ సంగతి. గేటు దాటిన కాసేపటికే రోడ్డుకు పక్కగా వాటి ఊరు. ఉడుతల జాతివే, బొరియ మీద రెండు కాళ్ళపై నిలబడి, మనిషిని చూడగానే కిచకిచమని అరిచి పక్క బొరియలకు కబురు పెడతాయి. తిండి పెట్టొద్దు, దగ్గరికి పోవద్దు. కరుస్తాయి, వాటి మీద ఉండే ఫ్లీలనే రక్తం పీల్చే చిన్న పురుగుల వల్ల జబ్బులు వస్తాయి. పొడుగు గడ్డిలో, రాళ్ళ సందుల్లో ర్యాటిల్ స్నేక్‌లు ఉంటాయి, చేతులు పెట్టనివ్వకండి. విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి, పూర్తిచేస్తే బ్యాడ్జ్ ఇస్తారు.

రాత్రి చూడ్డానికి ఏముంటుంది?

ఆకాశం. ఊళ్ళ దీపాలు లేని చోటు కాబట్టి పాలపుంత మబ్బులా పరుచుకుని కనిపిస్తుంది. టవర్ నల్లగా, నక్షత్రాలు లేని మేరగా నిలబడి ఉంటుంది.

ఇక్కడే కయోవా తెగ కథ చెప్పుకోవాలి. ఎలుగుబంట్లు తరుముతుంటే ఏడుగురు ఆడపిల్లలు ఒక చిన్న బండ ఎక్కి కాపాడమని వేడుకున్నారు. బండ ఆకాశంలోకి పెరిగింది. ఎలుగులు గోళ్ళతో గీరిన గాట్లే ఈ నిలువు గీతలు. పిల్లలు చుక్కలైపోయారు, అవి మనం కృత్తికలనే గుంపు. ఇదే కథ ఇంకో రకంగా చెప్పేవాళ్ళు వాళ్ళు సప్తర్షి మండలంలోని ఏడు చుక్కలయ్యారంటారు. వేసవిలో పొద్దుపోగానే సప్తర్షి మండలం వాయవ్యాన కనిపిస్తుంది. కృత్తికలు కావాలంటే ఆగస్టులో తెల్లవారుజామున లేవాలి. అమ్మమ్మో నాయనమ్మో వెంట ఉంటే కార్తికేయుణ్ణి పెంచిన కృత్తికల కథ వాళ్ళ చేత చెప్పించండి. రెండు కథలూ ఒకే చుక్కల కింద వింటారు పిల్లలు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

మే చివరి నుంచి జూన్ దాకా, లేదా సెప్టెంబర్. ఆగస్టు మొదట్లో సౌత్ డకోటాలోని స్టర్జిస్‌లో పెద్ద మోటార్‌సైకిల్ ర్యాలీ జరుగుతుంది. ఆ రోజుల్లో వేలకొద్దీ బైకులు ఇటు వస్తాయి, క్యాంప్‌గ్రౌండ్లు, రోడ్లు నిండిపోతాయి. ఆ వారం తప్పించండి.

వేసవి మధ్యాహ్నాలు ఉన్నట్టుండి ఉరుములు, వడగళ్ళు వస్తాయి. బండి పక్కన పందిరిలా తెరిచే ఆనింగ్‌ను వదిలేసి నడకకు వెళ్ళొద్దు. ఒక్క గాలి విసురుకు దాని కడ్డీలు వంగిపోతాయి, ఆ రిపేరు ఖర్చు మీ డిపాజిట్‌లోంచే పోతుంది.

పాస్ తీసుకోవాలా? కుక్క, డ్రోన్ తేవచ్చా?

బ్యాడ్‌లాండ్స్, ఇది, యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ కలిపి చూసేవాళ్ళకు నేషనల్ పార్క్స్ వార్షిక పాస్ లాభం. మౌంట్ రష్‌మోర్ పార్కింగ్‌కి అది పనికిరాదు. కుక్కల్ని ట్రయల్స్ మీదికి రానివ్వరు. డ్రోన్ నిషేధం.

ఇక్కడి నుంచి యెల్లోస్టోన్‌కి ఏ దారి?

ఐ-90 మీద గిల్లెట్, బఫెలో దాకా వెళ్ళాక బిగ్‌హార్న్ పర్వతాలు దాటాలి. మూడు దారులున్నాయి. మోటార్‌హోమ్‌కి యూఎస్ 16 మంచిది. పౌడర్ రివర్ కనుమ 9,666 అడుగుల ఎత్తున ఉన్నా వాలు మిగతా రెండింటికంటే నయం. యూఎస్ 14ఏ మీద 10 శాతం వాలు ఉంది, అద్దె బండితో అటు పోవద్దు. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేర్‌లో వేయండి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆ రోజు కోడీలో ఆగి, యెల్లోస్టోన్ తూర్పు గేటుకు మర్నాడు పొద్దున వెళ్ళండి. ఒక్క రోజులో లాగించేద్దామనుకుంటే కొండ దారి చీకట్లో పడుతుంది.